గ్రామరు కడుపున పుట్టిన గ్లామరు

"గ్లామర్" అన్న మాట ఎరుగని విద్యార్థి ఈ రోజుల్లో వుండడు. సినిమా పేజీ తిరగేస్తే ఫలానా తార గ్లామర్ ఒలకబోసిందంటారు. ఫలానా నాయకుడికి జనంలో గ్లామర్ తగ్గిందంటారు. కంప్యూటర్ కోర్సుకి వున్న గ్లామర్ చరిత్రకీ, తెలుగుకీ లేదని హాస్టల్ గదుల్లో మనమే తీర్పులు చెబుతుంటాం. అదే నోటితో "గ్రామర్" అనగానే మొహం ముడుచుకుంటాం. గ్లామర్ అంటే వెలుగు, గ్రామర్ అంటే విసుగు. ఒకటి వెండితెర మీద మెరిసేది, రెండోది నల్లబల్ల మీద గీసేది.

ఈ రెండూ ఒకే మాట అంటే నమ్ముతారా? నమ్మక తప్పదు. గ్లామర్ అనేది గ్రామర్ కడుపున పుట్టిన బిడ్డ. ఆ పుట్టుక కథ తెలుసుకున్నందువల్ల పరీక్షలో మార్కులు పెరుగుతాయో లేదో గాని, మనం చదువుతున్న చదువు ఎవరికోసమన్న ప్రశ్నకి మాత్రం ఒక జవాబు దొరుకుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాట పుట్టుక

గ్రీకు భాషలో "గ్రమ్మ" అంటే అక్షరం, వ్రాసినది అని అర్థం. అక్షరాలకు సంబంధించిన విద్య "గ్రమ్మతికే". అది లాటిన్‌లో "గ్రమ్మాతికా" అయింది. అక్కడినుంచి పాత ఫ్రెంచిలో "గ్రమేర్", ఇంగ్లీషులో "గ్రామర్" అయింది. ఇంతవరకు మామూలు ప్రయాణమే.

చిత్రమంతా మధ్యయుగాల్లో జరిగింది. ఆనాటి ఐరోపాలో గ్రామర్ అంటే ఏకవచన బహువచనాల గొడవ మాత్రమే కాదు. గ్రామర్ అంటే లాటిన్ చదువు. లాటిన్ చదువంటే మొత్తం చదువే. వైద్యం, జ్యోతిషం, ధర్మశాస్త్రం, దేవుడి పుస్తకం అన్నీ ఆ భాషలోనే వుండేవి. చదవగలిగిన వాళ్ళు ఏ కొద్దిమందో. పొలం దున్నుకునే మనిషికి లాటిన్ పుస్తకం ముందు కూర్చుని పెదవులు కదిపే పండితుడు ఎలా కనిపిస్తాడు? మంత్రగాడిలా కనిపిస్తాడు. ఆ పుస్తకంలో గ్రహాల లెక్క వుందో, దయ్యాలను పిలిచే విద్య వుందో అతనికేం తెలుసు? అంచేత "గ్రామర్" అనే మాటకే రహస్యవిద్య, క్షుద్రవిద్య అనే అర్థం కూడా అంటుకుంది. ఇంగ్లీషులో "గ్రామరీ" అనే పాత మాటకి ఆ అర్థం వుంది. ఫ్రెంచిలో ఇప్పటికీ "గ్రిమ్వార్" అంటే మంత్రాల పుస్తకం. అదీ గ్రామర్ బిడ్డే.

ఈ మాట స్కాట్లండు చేరాక అక్కడి జనం నోట "ర" కాస్తా "ల" అయి "గ్లామర్" అయింది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. మా వూళ్ళో నోటీసుని "లోటీసు" అంటారు, నెంబరుని "లంబరు" అంటారు. "మాయాబజార్" సినిమాలో ఘటోత్కచుడి పరివారం "అస్మదీయులు" అనలేక "అసమదీయులు" అంటుంది గదా! పింగళి నాగేంద్రరావుగారు నవ్వు పుట్టించడానికి వ్రాశారు గాని, లోకంలో మాటలు నిజంగా పుట్టేది చాలావరకు అలాగే. పండితుడి మాట పామరుడి నాలుక మీద పడి కొత్త మాటవుతుంది.

18వ శతాబ్దం తొలిభాగంలో స్కాట్లండు కవి ఆలన్ రామ్సే ఈ మాట వాడి దాని అర్థం కూడా వివరించాడు. మంత్రగాళ్ళు, గారడీవాళ్ళు చూపరుల చూపును మోసగిస్తే, వాళ్ళ కళ్ళమీద గ్లామర్ వేశారంటారని ఆయన చెప్పిన దాని సారాంశం. 1789లో రాబర్ట్ బర్న్స్ ఒక హాస్యకవితలో గ్లామర్‌నీ గ్రామర్‌నీ పక్కపక్క పాదాల చివర ప్రాసగా కూర్చాడు. రెండింటికీ మంత్రవిద్య అర్థమే అక్కడ. 1805లో వాల్టర్ స్కాట్ వ్రాసిన "ది లే ఆఫ్ ది లాస్ట్ మిన్‌స్ట్రెల్" అనే కథాకావ్యంలో ఈ మాట మళ్ళీ వచ్చింది. స్కాట్ రచనలకి వున్న ప్రచారం వల్ల అది స్కాట్లండు దాటి ఇంగ్లీషు చదివే వాళ్ళందరి నోట పడింది. 19వ శతాబ్దం నడుమకి వచ్చేసరికి మంత్రం సంగతి వెనక్కిపోయి "మైమరపించే సౌందర్యం" అనే అర్థం ముందుకొచ్చింది. 1930ల్లో హాలీవుడ్ దాన్ని చేజిక్కించుకుంది. ఆ తర్వాతి కథ మనకి తెలిసిందే.

పరీక్షకు పనికొచ్చే ముక్క ఒకటి. అమెరికావాళ్ళు "కలర్", "ఆనర్" వంటి మాటల్లో చివరి "యు" అక్షరాన్ని తీసేశారు. "గ్లామర్" లో మాత్రం ఎక్కువమంది వుంచుకున్నారు. "గ్లామరస్" అని విశేషణం చేసేటప్పుడు ఆ "యు" ఇంగ్లండువారి వ్రాతలో కూడా పోతుంది. తెలియక తప్పు వ్రాసేవాళ్ళు చాలామంది.

గ్లామర్ ఒక్కటే కాదు. "చార్మ్" అన్న మాట లాటిన్‌లో పాటకీ మంత్రానికీ వున్న "కార్మెన్" నుంచి వచ్చింది. "ఎన్‌చాంట్" అంటే మంత్రం జపించి కట్టివేయడం. "ఫాసినేట్" అంటే మొదట్లో మంత్రం వేయడం, దిష్టి పెట్టడం. మనం పెద్ద గౌరవంగా వాడే "ప్రెస్టీజ్" కూడా లాటిన్‌లో గారడీ, కళ్ళకు గంతలు కట్టే మోసం అన్న అర్థంతో బయల్దేరిందే. ఇంగ్లీషువాడు మెచ్చుకునే మాటలన్నిటి అడుగునా ఒక మంత్రగాడు కూర్చున్నాడన్నమాట!

మనకీ వుంది ఆ మాట

మరి గ్లామర్‌కి తెలుగేమిటి? ఆకర్షణ, సొగసు, మోహం, తళుకుబెళుకు అని రకరకాలుగా చెబుతాం. షోకు అని కూడా అంటాం. కాని దాని అసలు అర్థానికి అచ్చుగుద్దినట్టు సరిపోయే తెలుగు మాట ఒకటుంది. అది "కనికట్టు". కన్నును కట్టివేసేది కనికట్టు. స్కాట్లండు గారడీవాడు కళ్ళమీద గ్లామర్ వేశాడు, మన గారడీవాడు కళ్ళకే కట్టు కట్టాడు. ఎక్కడి స్కాట్లండు, ఎక్కడి రాయలసీమ! మనిషి కన్ను మోసపోయే తీరు మాత్రం ఒక్కటే.

మన మాటల చరిత్ర కూడా ఇదే దారిన నడిచింది. "గారడి" అన్నది "గారుడం" నుంచి వచ్చింది. గారుడం అంటే పాము విషాన్ని దించే విద్య, గరుత్మంతుడి పేరు మీద వచ్చింది. ప్రాణం నిలబెట్టే విద్య కాలక్రమాన మామిడిటెంక మీద గుడ్డ కప్పి మొక్క మొలిపించే ఆట అయి కూర్చుంది. "మాయ" సంగతీ అంతే. ఋగ్వేదంలో మాయ అంటే దేవతల అద్భుతమైన శక్తి, నేర్పు. రానురాను అది భ్రమ అయింది, మోసమయింది. "ఆకర్షణ" మాత్రం? ఇప్పుడు పరికిణీ గుడ్డకి కూడా వాడుతున్నాం గాని, తంత్రగ్రంథాల్లో అది వశీకరణం, స్తంభనం, మారణం పక్కన కూర్చునే ప్రయోగం పేరు.

అక్షరంలో మహత్తు వుందనే నమ్మకం మనకీ తక్కువేం కాదు. బీజాక్షరాలు వ్రాసిన రాగిరేకు మొలకి కట్టుకునే వాళ్ళున్నారు. చెడ్డ గణంతో, విషాక్షరంతో కావ్యం మొదలుపెడితే కృతి పుచ్చుకున్నవాడికి కీడు మూడుతుందని మన లాక్షణికులు వ్రాశారు. వేములవాడ భీమకవి తిట్టితే జరిగిన విడ్డూరాలు కథలు కథలుగా చెప్పుకుంటారు. విజయనగర కాలపు శాసనాల్లో "విప్రవినోదులు" అనే ఇంద్రజాలికులు కనిపిస్తారు. ఆ పేరులోనే బ్రాహ్మణపాండిత్యం, గారడీ రెండూ చేయి కలిపాయి. ఛందస్సూ వ్యాకరణమూ వచ్చినవాడు ఏదో చేయగలడన్న భయం ఐరోపా రైతుకి ఎంత వుందో, మన రైతుకీ అంతే వుంది. చదువు కొద్దిమంది దగ్గర దాగి వున్నచోట చదువే మంత్రమవుతుంది.

సీమ నుంచి వెండితెరకి

గ్లామర్ ప్రపంచమంటే మనకి మద్రాసు, హైదరాబాదు గుర్తొస్తాయి. కాని తెలుగుతెరకి మాయ నేర్పినవారిలో చాలామంది ఈ వానలేని నేలవాళ్ళే. వాహినీ సంస్థను నిలబెట్టిన బి.ఎన్. రెడ్డిగారు, విజయా సంస్థను నడిపిన ఆయన తమ్ముడు బి. నాగిరెడ్డిగారు మన కడప జిల్లావారు. అన్నకి 1974 సంవత్సరానికి, తమ్ముడికి 1986 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. విజయావారి "పాతాళభైరవి" (1951), "మాయాబజార్" (1957) తీసిన కె.వి. రెడ్డిగారిది తాడిపత్రి. "పాతాళభైరవి" లో నేపాళ మాంత్రికుడి శిష్యుడు సదాజపుడుగా నటించిన పద్మనాభంగారిది మా పులివెందుల తాలూకా సింహాద్రిపురం.

"మాయాబజార్" లోని మాయాశశిరేఖని ఒకసారి గుర్తుచేసుకోండి. ఘటోత్కచుడు శశిరేఖ వేషం ధరించి పెళ్ళివారి కళ్ళు కట్టివేస్తాడు. అది గ్లామర్ పాత అర్థం. ఆ రూపంలో మనకి కనిపించేది సావిత్రి. అది గ్లామర్ కొత్త అర్థం. మూడు వందల ఏళ్ళ మాట చరిత్ర ఆ ఒక్క పాత్రలో ఇమిడిపోయింది. మార్కస్ బార్‌ట్లే కెమెరాతో కురిపించిన వెన్నెల వెన్నెల కాదని మనకి తెలుసు. లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగరవని తెలుసు. తెలిసీ టిక్కెట్టు కొని కూర్చుంటాం. ఒప్పుకుని కట్టించుకున్న కనికట్టు అది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు, సంతోషమే.

నష్టమంతా ఒప్పుకోకుండా, తెలియకుండా పడే కట్టుతోనే. ఆ కట్టు తెర మీద వుండదు, కాగితం మీద వుంటుంది.

లోటీసు

నేను ఇంటర్ చదివే రోజుల సంగతి. మాది తుమ్మలపల్లె. తుమ్మచెట్లు తప్ప వేరే సిరి లేదనుకున్న కాలంలో పెట్టిన పేరు. సెలవులకి ఇంటికి వెళ్ళాను. పొలం హద్దుల విషయమై ఒక ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పూర్తిగా ఇంగ్లీషులో వుంది. మా జేజినాయన దాన్ని పంచె కొంగులో కట్టుకుని నాలుగు రోజులుగా నాకోసం ఎదురుచూస్తున్నాడు.

"నాయనా, లోటీసు వచ్చినాది. సదివి చెప్పు" అన్నాడు.

చావిడి అరుగు మీద పది మంది వున్నారు. నేను గొంతు సవరించుకుని కాగితమంతా ఇంగ్లీషులో గడగడా చదివాను. మా సారు చెప్పినట్టు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ వూదాలో అక్కడ వూది చదివాను. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. "దొర మాదిరి సదువుతాండాడు సూడు" అన్నారెవరో. మా జేజినాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు వొళ్ళు పొంగింది.

తర్వాత ఆయన మెల్లగా అడిగాడు. "అదంతా సరే నాయనా, ఏమని రాసినారు?"

నాకు తెలియలేదు. ఒక్కొక్క మాట తెలుసు, వాక్యం తెలియలేదు. అరపేజీ పొడుగున్న ఆ వాక్యంలో కర్త ఎక్కడున్నాడో, క్రియ ఎక్కడుందో నాకు చిక్కలేదు. అంతమంది ముందు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

"ఏం లేదులే జేజినాయనా, మామూలు కాగితమే" అన్నాను.

ఆ కాగితంలో వున్నది ముప్ఫై రోజుల గడువు. అభ్యంతరం వుంటే ఆలోగా చెప్పుకోవాలని. గడువు దాటిపోయింది. ఆ తర్వాత ఆ గట్టు కోసం మా జేజినాయన ఆఫీసుల చుట్టూ ఏడాది పైగా తిరిగాడు. చార్జీలకి ఒక పాడిబర్రె పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "మా వోడు సదివినాడు గదా, ఆఫీసోళ్ళే మార్చినారేమో" అని చివరిదాకా నమ్మాడు. ఆఫీసువాళ్ళేమీ మార్చలేదు. తప్పు నాది.

గ్లామర్ అనే మాట కథ చదివిన రోజున నాకు ముందు గుర్తొచ్చింది ఆ అరుగు. ఆ రోజు అక్కడ జరిగింది అచ్చంగా మధ్యయుగాల కథే. లాటిన్ పుస్తకం బదులు ఇంగ్లీషు కాగితం, పండితుడి బదులు నేను. నా దగ్గర గ్రామర్ లేదు. వున్నదంతా గ్లామర్. నన్ను ప్రేమించిన వాళ్ళ కళ్ళకే నేను కట్టు కట్టాను.

పాతరోజుల్లో కరణం వ్రాసిందే వ్రాత అనేవారు. దస్తావేజు, అడంగల్, జమాబందీ అంటూ ఆయన మాట్లాడుతుంటే రైతు చేతులు కట్టుకుని నిలబడేవాడు. 1984లో కరిణీకం రద్దయింది. అంతకుముందే, 1966లో, తెలుగుని అధికారభాష చేస్తూ చట్టం వచ్చింది. అయినా వేలిముద్ర వేసే చేతికీ వ్రాసిన కాగితానికీ మధ్య దూరం పూర్తిగా తరగలేదు. మంత్రగాడు మారాడు, మంత్రం భాష మారింది.

అతి పెద్దది

మా వూరి పేరు ఇప్పుడు దేశమంతా తెలుసు. 2007లో ఇక్కడ యురేనియం ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది, 2012లో అది పని మొదలుపెట్టింది. 2011లో అణుశక్తి సంఘం అధ్యక్షులు ఇక్కడ 49 వేల టన్నుల నిల్వలు నిర్ధారణ అయ్యాయని, అవి లక్షన్నర టన్నుల దాకా వుండవచ్చని ప్రకటించారు. ప్రపంచంలోనే అతి పెద్ద నిల్వ కావచ్చునని పత్రికలన్నీ వ్రాశాయి. తుమ్మచెట్ల పల్లెకి ఒక్కరోజులో గ్లామర్ వచ్చేసింది.

ఆ అంకె అబద్ధం కాదు. కాని దాని పక్కన నిలబెట్టవలసిన అంకె ఇంకొకటుంది. ఇక్కడి ఖనిజం బాగా పలచన. టన్ను రాయి తవ్వితే అందులో వుండేది అరకిలో లోపే. మిగతా రాయి అంతా పిండి అయి, ముద్ద అయి చెరువులోకి పోవలసిందే. అంటే నిల్వ ఎంత పెద్దదో వ్యర్థం అంతకు ఎన్నో రెట్లు పెద్దదన్నమాట. మొదటి అంకె పెద్దక్షరాల్లో వచ్చింది. రెండో అంకె కోసం నివేదికలు వెతకాలి.

ఆ తర్వాత వ్యర్థాల చెరువు దగ్గరున్న కొట్టాల రైతులు తమ బోరునీళ్ళు చెడ్డాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు చేశారు. తమ వల్ల కాదని సంస్థ అన్నది. నీళ్ళు పరీక్షించారు, నివేదికలు వచ్చాయి. ఆ నివేదికలు ఏ భాషలో వుంటాయో మీకు చెప్పనక్కరలేదు. ఎవరి మాట ఎంత నిజమో ఇక్కడ తేల్చబోవడం లేదు. నేననేది ఒక్కటే. ఆ నీళ్ళు తాగే మనిషి ఆ నివేదిక చదవలేకపోతే, అందులో ఏ నిజం వున్నా అతనికి అది మంత్రమే. నమ్మినా గుడ్డిగా నమ్మాలి, భయపడినా గుడ్డిగా భయపడాలి.

దీన్నిబట్టి గ్లామర్ గురించి ఒక సూత్రం చెప్పుకోవచ్చు. గ్లామర్ అంటే అబద్ధం కాదు, ఒక పక్కే వెలుగుపడిన నిజం. సినిమాతార మొహానికయినా, కోర్సు ప్రకటనకయినా, గని వార్తకయినా ఇదే వర్తిస్తుంది. రెండో పక్కకి దీపం తిప్పడం చదువుకున్నవాడి పని.

విప్పే చదువు

మన జిల్లాకి ఆ పని చేసి చూపించిన మనిషి ఒకాయన వున్నాడు. 1820లో ఉద్యోగం మీద కడపకి వచ్చిన సి.పి. బ్రౌను తెలుగు నేర్చుకున్నాడు, ఇక్కడ బంగళా కొని సొంత డబ్బుతో పండితులను పెట్టి తాటాకుల్లోని గ్రంథాలను కాగితం మీదికి ఎత్తించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించాడు. ఆయన దొర, కంపెనీ ఉద్యోగి. ఆ సంగతి మరచిపోనక్కరలేదు. అయినా నిఘంటువు అన్నది ఎంత గొప్ప వస్తువో చూడండి. అది ఏ మాటనీ దాచదు. దాని పనే ముడి విప్పడం. ఆయన బంగళా వున్న చోటే ఇప్పుడు కడపలో ఆయన పేరిట గ్రంథాలయం నిలిచింది.

సోదర విద్యార్థులారా! మనలో చాలామందిమి మా వూరిలాంటి వూళ్ళనుంచే వచ్చాం. మన ఇళ్ళల్లో మొదటిసారిగా పెద్దచదువు చదువుతున్నది మనమే. సెలవులకి వెళ్ళినప్పుడు ఎవరో ఒకరు కొంగులోంచి కాగితం తీసి మన చేతికిస్తారు. మన ముందు రెండు దారులుంటాయి. గొంతు సవరించుకుని వాళ్ళ నోళ్ళు తెరిపించవచ్చు. లేదా అరుగు మీద కూర్చుని, కర్త ఎవరు, కర్మ ఎవరు, గడువు ఎప్పుడు అని వెతికి, వాళ్ళ మాటల్లో చెప్పవచ్చు. తెలియకపోతే "తెలీదు జేజినాయనా, తెలిసినోళ్ళని అడుగుదాం పా" అనవచ్చు. ఆ మాటకి గ్లామర్ వుండదు. కాని ఆ రోజు నేను ఆ ఒక్క మాట అని వుంటే మా జేజినాయనకి ఏడాది తిరుగుడు తప్పేది, బర్రె కొట్టంలోనే వుండేది.

ఆయన ఇప్పుడు లేడు. ఆ కాగితం నా దగ్గరే వుంది. ఎం.ఏ.లో చేరిన ఏడాది దాన్ని తీసి మళ్ళీ చదివాను. ఆ పొడుగాటి వాక్యంలో కర్తని పట్టుకోవడానికి ఈసారి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.